దయ్యానికి సాక్షి ఎవరు?

సున్నిపెంట నుంచి కొండదారిన కాసేపు ప్రయాణిస్తే శ్రీశైలం వస్తుంది. భక్తులకు అది మల్లన్న కొలువు. పాత సంస్కృత నాటకకర్తలకు ఆ కొండ ఇంకో రకంగా కూడా తెలుసు. మంత్రసిద్ధులు, కాపాలికులు (పుర్రె చేతబట్టి శ్మశానాల్లో సాధన చేసే శైవులు) మసలే చోటుగా దానికి పేరు. ఎనిమిదో శతాబ్దపు కవి భవభూతి రాసిన 'మాలతీమాధవం'లో శ్రీపర్వతం ప్రస్తావన వస్తుంది. అది శ్రీశైలమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కపాలకుండల అనే మంత్రగత్తె నాయిక మాలతిని ఎత్తుకుపోయేది అక్కడికే. మాలతిని కాపాడే సౌదామిని సిద్ధులు సంపాదించిందీ అక్కడే.

ఇందులో వింత లేదు, కొండలకూ మంత్రాలకూ పాత చుట్టరికమే కదా అనిపించవచ్చు. వింత ఎక్కడుందంటే, మాలతీమాధవం పురాణకథ కాదు. అది ప్రకరణం (కవి సొంతంగా కల్పించిన కథతో, దేవుళ్లూ రాజులూ కాకుండా మంత్రులు, బ్రాహ్మణులు, వర్తకుల వంటివాళ్లు ముఖ్యపాత్రలుగా సాగే నాటకం). ఆ కాలానికి సాంఘిక నాటకమన్నమాట. ఇద్దరు మిత్రులు చదువుకునే రోజుల్లోనే, తమ పిల్లలు మాలతికీ మాధవుడికీ పెళ్లి చేద్దామని మాట అనుకున్నారు. పెద్దయ్యాక ఇద్దరూ మంత్రులయ్యారు. ఈలోగా ఒక రాజు తన ఆప్తుడైన నందనుడికి మాలతినిమ్మని అడిగాడు. కొలువులో ఉన్న తండ్రి కాదనలేడు. కామందకి అనే బౌద్ధ సన్యాసిని మధ్యలో ఉండి మంత్రాంగం నడుపుతుంది. ఇదంతా సంబంధాలు కలుపుకునే ఇళ్లలో జరిగే గొడవే.

అలాంటి నాటకంలో అయిదో అంకం శ్మశానంలో జరుగుతుంది. ఆశలు అడుగంటిన మాధవుడు చేతిలో నరమాంసంతో రాత్రివేళ అక్కడికి చేరతాడు. ఆ మాంసం పిశాచాలకు ఇచ్చి, బదులుగా వాటి సాయం పొందాలని అతని ఆలోచన. చుట్టూ తిరిగే పిశాచాలను అతను శ్లోకాల్లో వర్ణిస్తూ పోతాడు. శవాన్ని పీక్కుతినే ప్రేతం మీద రాసిన శ్లోకాన్ని తర్వాతి అలంకారికులు బీభత్స రసానికి ఉదాహరణగా చూపించారు. అక్కడికి దగ్గర్లోనే చాముండ గుడిలో అఘోరఘంటుడనే కాపాలికుడు మాలతిని బలివ్వబోతుంటాడు. ఆమె కేక విని మాధవుడు పరుగెత్తుతాడు.

పెళ్లిసంబంధాల కథలోకి పిశాచాలు వచ్చినా నాటకం ఎందుకు చెడలేదు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, సాహిత్యంలో వాస్తవికతకూ దయ్యాలకూ ఉన్న సంబంధం చాలావరకు అర్థమవుతుంది.

వాస్తవికత (లోకంలో జరిగేవీ, జరగడానికి వీలున్నవీ మాత్రమే రాయాలన్న పద్ధతి) అన్న మాట వినగానే, దయ్యానికి అక్కడ చోటు లేదని అనుకుంటాం. నిజానికి కథలో దయ్యం ఉండటం, లేకపోవడం అంత ముఖ్యం కాదు. దాన్ని చూసినవాళ్లు ఎవరు, ఆ చూపుకు పూచీ ఎవరు పడుతున్నారు అన్నదే ముఖ్యం. భవభూతి పూచీ తానే పడ్డాడు. అతని ప్రేక్షకులకు కాపాలికులు తెలిసిన మనుషులు. శ్మశానసాధన కూడా వాళ్లకు తెలిసిన పనే. కాబట్టి పిశాచం అబద్ధమని వాళ్లకు తోచలేదు. ఆ రోజుల్లో లోకం ఎంతో, ఆ నాటకం హద్దు కూడా అంతే.

పూచీ ఎలా మారుతుందో చూడటానికి షేక్‌స్పియర్ 'హామ్లెట్' మంచి పాఠం. మొదటి అంకంలో రాజుగారి ప్రేతాన్ని ముందు కాపలావాళ్లు చూస్తారు. వాళ్ల మాట నమ్మని హొరేషియో, చదువుకున్నవాడు, వచ్చి తన కళ్లతో చూస్తాడు. అన్ని జతల కళ్లు చూశాక ప్రేక్షకుడు కాదనలేడు. మూడో అంకంలో అదే ప్రేతం తల్లి గదిలోకి వస్తుంది. ఈసారి కొడుక్కి ఒక్కడికే కనిపిస్తుంది. తల్లికి ఖాళీ గోడ తప్ప ఏమీ కనిపించదు. కొడుక్కి పిచ్చెక్కిందనుకుంటుంది. మనకూ కొంచెం అనుమానం మొదలవుతుంది. వచ్చింది ఆ ప్రేతమే. తగ్గింది సాక్షుల సంఖ్య.

ఈ చర్చ ఇప్పుడెందుకంటే, తెలుగులో దయ్యం మళ్లీ జోరుమీదుంది. 'మా ఊరి పొలిమేర', 'మసూద', 'విరూపాక్ష' వంటి సినిమాలు 2021 నుంచి వరసగా వచ్చి ఆడాయి. వీటిలో ఇళ్లు, యాసలు, అప్పులు, ఆస్పత్రులు అన్నీ మనకు తెలిసినవే. చేతబడి మాత్రం నిజంగా పనిచేస్తుంది. పాత జానపద సినిమాలో మాంత్రికుడి గుహ వేరు, మన వీధి వేరు. ఇప్పుడు ఆ రెంటి మధ్య గోడ లేదు. కనుక ఆ గోడ మన సాహిత్యంలో మొదట ఎవరు కట్టారో చూడాలి.

కట్టినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసింది గురజాడ అప్పారావు. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. మనం ఇవాళ చదివేది బాగా పెంచి తిరగరాసిన 1909 నాటి కూర్పు. ఆడపిల్లల్ని డబ్బుకు అమ్మి ముసలివాళ్లకు కట్టబెట్టే ఆచారం మీద రాసిన నాటకంగా అందరికీ తెలుసు. అందులో దయ్యాల వ్యవహారం ఒకటుందని చాలామందికి గుర్తుండదు.

కథలో ఆ భాగం ఇలా నడుస్తుంది. ముసలి లుబ్ధావధాన్లు చిన్నపిల్లను పెళ్లాడాలని చూస్తాడు. ఆ సంబంధం తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, కూతురని చెప్పి, అవధాన్లకే ఇచ్చి పెళ్లి చేస్తాడు. పెళ్లయ్యాక శిష్యుడు వేషం తీసేసి పారిపోతాడు. ఇంట్లో పెళ్లికూతురు లేదు. మధురవాణి దగ్గర అరువు తెచ్చి పెట్టిన కంటె కూడా లేదు. అప్పుడు రంగంలోకి పూజారి గవరయ్య దిగుతాడు. ఇతను మంత్రగాడు. వచ్చింది మనిషి కాదు, కామినీ పిశాచమని తేలుస్తాడు. దాన్ని సీసాలో పట్టి బిగించానంటాడు.

ఇక్కడ మాలతీమాధవం పక్కన పెట్టి చూస్తే ఒక ముచ్చట బయటపడుతుంది. అందులోనూ దొంగ పెళ్లికూతురు ఉంది. మాలతికి బదులు మాధవుడి స్నేహితుడు మకరందుడు ఆ పిల్ల బట్టలు కట్టుకుని నందనుడితో పెళ్లిపీటల మీద కూర్చుంటాడు. తర్వాత అతనూ తప్పించుకుపోతాడు. కానీ ఆ నాటకంలో ఎవరూ అతన్ని పిశాచమనరు. పిశాచాలు నిజంగా ఉన్న నాటకంలో వేషం వేషంగానే మిగిలింది. పిశాచాలు లేని నాటకంలో వేషమే పిశాచమైపోయింది. గురజాడ మాలతీమాధవాన్ని మనసులో పెట్టుకునే ఇది రాశాడని నేననడం లేదు. దయ్యం ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో ఈ జంట చక్కగా చూపిస్తుందంటున్నాను. భవభూతి దగ్గర అది శ్మశానంలో ఉంది. గురజాడ దగ్గర మనిషి అవసరంలో ఉంది.

ఆ అవసరం ఎవరెవరిది? లుబ్ధావధాన్లు డబ్బు పోసి మోసపోయాడు. నలుగురిలో ఆ మాట ఒప్పుకోవడం కంటే పిశాచం పాలబడ్డానని చెప్పుకోవడం తేలిక. గవరయ్యకు అది బతుకుతెరువు. చుట్టుపక్కల వాళ్లకు భయంతో పాటు కాలక్షేపం. అందరికీ పనికొచ్చే అబద్ధం కాబట్టి దాన్ని ఎవరూ గట్టిగా తరచి చూడరు. దయ్యం అసలు ఎలా తయారవుతుందో దగ్గరుండి చూపించిన దృశ్యం తెలుగులో ఇంతకంటే మంచిది నాకు తెలియదు.

ఆ అబద్ధం ఒక్క చోట మాత్రం చెల్లదు. అది కోర్టు. పెళ్లికూతురు మాయమైంది కనుక లుబ్ధావధాన్లే చంపాడని కేసు పడుతుంది. భారత సాక్ష్య చట్టం 1872లో వచ్చింది. నాటకం రంగస్థలం ఎక్కేనాటికి దానికి ఇరవై ఏళ్లు. సీసాలోని పిశాచాన్ని ఆ చట్టం కింద సాక్షిగా పిలవడం కుదరదు. ప్లీడరు సౌజన్యారావు పంతులుకు కావలసింది మనుషులు, వస్తువులు, తేదీలు. జరిగింది తెలిసిన మధురవాణి నోరు విప్పితే గాని చిక్కు వీడదు. మన నాటకంలో వాస్తవికత ఇలా రుజువు అడిగే అలవాటుగా వచ్చింది. తెలివైన రచయిత దయ్యాన్ని తరిమేయలేదు. దానికి సాక్షిబోను చూపించాడంతే.

దాదాపు అదే కాలంలో నార్వే నాటకకర్త ఇబ్సెన్ ఇంకో దారి తొక్కాడు. 1881లో అచ్చయిన అతని నాటకం పేరే 'దయ్యాలు'. అందులో దయ్యం ఒక్కటీ రాదు. మంత్రగాడూ రాడు. చనిపోయిన భర్త తప్పుల్ని దాచిపెట్టి పరువు కాపాడుకున్న ఒక ఇల్లాలు, పక్కగదిలో కొడుకూ పనిపిల్లా మాట్లాడుకోవడం వింటుంది. ఏళ్ల కిందట అదే ఇంట్లో భర్త నోట, అప్పటి పనిమనిషి నోట ఇదే రకం గుసగుస విన్నది. ఆమె వణికిపోతుంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన జబ్బు, తరం నుంచి తరానికి వచ్చిన భయాలు, చచ్చినా చావని ఆచారాలు, ఇవే ఆ నాటకంలో దయ్యాలు. యూరప్ నాటకశాలలు జంకడంతో దాని మొదటి ప్రదర్శన 1882లో అమెరికాలోని షికాగోలో జరిగింది.

ఇక ఒక చిన్న అభ్యాసం చేద్దాం. శ్రీశైలం ప్రాజెక్టు సిబ్బంది కోసం వెలిసిన కాలనీ సున్నిపెంట. పనులు ముగిశాక మనుషులు తగ్గారు, కొన్ని క్వార్టర్లు ఖాళీ పడ్డాయి. అలాంటి ఒక ఖాళీ క్వార్టరులో రాత్రిపూట కుళాయి తిప్పిన చప్పుడు వినిపించిందని ఊహించుకుందాం. కాపలాదారు లాంతరు పట్టుకుని వెళ్తాడు. బకెట్ సగం నిండి ఉంది. గడప తడిగా ఉంది. ఆ ఇంటికి నీళ్ల లైను ఏనాడో తీసేశారు.

ఈ మాత్రం సరుకుతో మూడు కథలు రాయొచ్చు. మొదటి కథలో రచయిత సూటిగా చెబుతాడు: చనిపోయిన ఉద్యోగి భార్య ఆ రాత్రి వచ్చి నీళ్లు పట్టింది. చదివేవాడు కథ సాగినంతసేపూ ఒప్పుకుని తీరాలి. రెండో కథలో కాపలాదారు తెల్లారి టీకొట్టు దగ్గర చెబుతాడు: ఆవిడ వచ్చిందట. మూడు రోజుల తర్వాత ఆ ఇంటి తలుపులు, కిటికీ చువ్వలు మాయమవుతాయి. దయ్యం భయంతో ఎవరూ అటు పోలేదు కనుక దొంగల పని సులువైంది. ఇది గవరయ్య వంశం కథ. మూడో కథలో కాపలాదారు ఎవరికీ చెప్పడు. అతని భార్య కిందటేడు పోయింది. అతనికి నిద్ర సరిగా పట్టడం లేదు. బకెట్ అతనే నింపాడా అన్నది రచయిత తేల్చడు. మూడింటిలోనూ బకెట్ ఒక్కటే. 'వచ్చింది', 'వచ్చిందట', 'వచ్చినట్టుంది' అన్న క్రియల దగ్గర కథలు విడిపోయాయి.

మూడో రకాన్ని బల్గేరియాలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో ఒక పుస్తకంలో వివరించాడు. జరిగింది ప్రకృతి సూత్రాలకు లోబడిందా, మించిందా అని పాఠకుడు తేల్చుకోలేక ఊగిసలాడే స్థితే అద్భుత సాహిత్యానికి ప్రాణమని అతని వాదం. తేలిపోతే ఆ ప్రాణం పోతుంది. దయ్యం ఉందని తేలితే అది మాయాకథ. లేదని తేలితే అది అపరాధ పరిశోధన.

మొదటి రకం కథల్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. నంద్యాల నేలిన కృష్ణరాజుకు పింగళి సూరన 16వ శతాబ్దంలో అంకితమిచ్చిన 'కళాపూర్ణోదయం' ఆ రకమే. అందులో కలభాషిణి రంభ రూపంలో ఉంటుంది, మణికంధరుడు నలకూబరుడి రూపంలో ఉంటాడు. అసలు రంభ వచ్చి నకిలీ రంభను నిలదీస్తే, ఎవరు ఎవరో చూసేవాళ్లకు తెలియదు. అయితే ప్రతి మాయకూ సూరన ఎక్కడో ఒకచోట కారణం చెబుతాడు. ఏ రూపం ఎవరి వరంతో వచ్చింది, ఎవరి శాపంతో పోయింది అన్న లెక్క ఎక్కడా తప్పదు. ఆధునిక విమర్శకుల్లో కట్టమంచి రామలింగారెడ్డి ఈ కావ్యాన్ని కథాసంవిధానం కోసం మెచ్చుకున్నదీ అందుకే అనిపిస్తుంది. మాయకు కూడా నియమం ఉండాలి. నియమం ఉంటే పాఠకుడు దాన్ని నిజంలాగే అనుసరిస్తాడు.

రంగస్థలం మీద ఆ నియమం కర్ర, తాడు, తెరల రూపం తీసుకుంటుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన సురభి నాటకాలు దీనికి పెట్టింది పేరు. పొగలో మాంత్రికుడు మాయమవుతాడు. పాత్రలు గాలిలో తేలతాయి. ప్రేక్షకుడికి తాళ్లున్నాయని తెలుసు, అయినా చప్పట్లు కొడతాడు. తాడు కనబడనివ్వని పనితనానికి ఆ చప్పట్లు. భయానికీ నమ్మకానికీ అక్కడ పెద్దగా పనిలేదు. 'మాయాబజార్' చూసి ఇంటికెళ్లి తాయెత్తు కట్టుకున్నవాళ్లు ఎవరూ ఉండరు.

ఇంకో మంచి ఉదాహరణ చందమామ బేతాళుడు. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవల రాసిన వాస్తవికవాది, మార్క్సిస్టు, మూఢనమ్మకాల మీద వ్యాసాలతో యుద్ధం చేసినవాడు. ఆయనే 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామలో పనిచేశాడు. నెలనెలా శవాన్ని భుజాన వేసుకున్న రాజూ, శవంలోంచి కథ చెప్పే బేతాళుడూ ఆయన చేతిమీదుగానే ఇళ్లకు చేరారు. ఇందులో విరుద్ధం ఉందని కొందరంటారు. నాకలా తోచదు. ఆ బేతాళుడు ఏం చేస్తాడో చూడండి. కథ చెప్పి, అందులోని మనుషుల ప్రవర్తనకు కారణం అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. రాజు జవాబు ఎప్పుడూ తర్కమే. పిల్లలకు హేతువాదం నేర్పడానికి దయ్యాన్ని మాస్టారుగా పెట్టుకున్నట్టుంది ఆ ఏర్పాటు.

'తులసిదళం' దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారింది. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ నవల అది. ఒక చిన్నపిల్ల మీద చేతబడి. ఒకపక్క డాక్టర్లు, ఇంకోపక్క మంత్రగాళ్లు. వైద్యం భాష, మంత్రం భాష ఒకే స్థాయిలో, ఒకే నమ్మకంతో నడవడం దాని బిగువుకు అసలు కారణం. వారం వారం ఆగే సీరియల్‌కు ఆ ఊగిసలాట ఎంతో అనుకూలం. రంగనాయకమ్మ దాని మీద ఘాటైన విమర్శ పుస్తకమే రాశారు. ఆ వాదన తీవ్రత ఎలా ఉన్నా, దాని వెనకున్న ప్రశ్న తోసిపుచ్చదగింది కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ వస్తుంటాయి. అక్కడ సీసాలో ఉండేది కామిని కాదు. ఎక్కువగా పేదవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. రచయిత చేతబడికి పూచీ పడితే ఆ పూచీ పుస్తకం దాటి పోతుందన్న భయం ఉత్త భయం కాదు. అయినా దయ్యం కథల్ని నిషేధించాలనడం నాకు సబబుగా తోచదు. సురభి తాళ్లకూ ఈ సీరియల్‌కూ తేడా పసిగట్టగల పాఠకుడు తయారైతే చాలావరకు సరిపోతుంది.

ఈ మధ్య కాలంలో దయ్యాన్ని గంభీరంగా వాడుకున్న పద్ధతి మాంత్రిక వాస్తవికత (మామూలు జీవితం మధ్యలో అసంభవాన్ని, ఎవరూ ఆశ్చర్యపోకుండా, మామూలు స్వరంతో చెప్పడం). లాటిన్ అమెరికాలో వేళ్లూనిన ఈ ధోరణి తెలుగులో మునిపల్లె రాజు, వి. చంద్రశేఖరరావు కథల్లో కనిపిస్తుంది. దీనికి ముందుతరం నవల మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో 1955లో రాసిన 'పెద్రో పారమో'. తండ్రిని వెతుక్కుంటూ ఒక కొడుకు ఊరికి వస్తాడు. పలకరించినవాళ్లంతా చనిపోయినవాళ్లేనని అతనికి మెల్లగా తెలుస్తుంది. భూమంతా మింగేసిన ఒక పెత్తందారు చేతిలో చచ్చిన ఊరది. బతికున్న సాక్షులు లేరు కాబట్టి చచ్చినవాళ్లే సాక్ష్యం చెబుతారు.

శ్రీశైలం జలాశయం కింద అలాంటి ఊళ్లున్నాయి. కృష్ణ ఒడ్డున ఎన్నో గ్రామాలు మునిగాయి, వేలాది కుటుంబాలు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. నీటిమట్టం బాగా తగ్గిన వేసవిలో సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, వానలొస్తే మళ్లీ మునుగుతుంది. పరిహారం లెక్కలు, పట్టాల తగాదాలు రాయడానికి మామూలు వాస్తవికత చాలు. ఇంటి గడప నీళ్లలో ఉండగా ఆ గడపకు పండగనాడు పసుపు రాయాలనిపించిన ముసలమ్మ సంగతి రాయాలంటే మాత్రం అది చాలకపోవచ్చు. అక్కడ దయ్యాన్ని పిలిచిన రచయితను తప్పుపట్టలేం. ఎవరికోసం పిలిచాడో అడగొచ్చు.

ఈ లెక్కలన్నీ నటుడికి మరీ నికరంగా ఎదురవుతాయి. ఇప్పుడు కన్యాశుల్కం వేసే బృందాలు నాటకం నిడివి తగ్గించడానికి గవరయ్య రంగాన్ని కుదించడమో తీసేయడమో చేస్తే ఆశ్చర్యం లేదు. ఉంచితే దర్శకుడు ఒకటి తేల్చుకోవాలి. గవరయ్య పాత్రధారి సీసా ఎత్తినప్పుడు తనలో తాను నవ్వుకోవాలా, నిజంగానే భయపడాలా? నవ్వితే అతను దొంగ, ప్రేక్షకుడు తెలివైనవాడు, దృశ్యం ప్రహసనం. భయపడితే తన అబద్ధాన్ని తానే నమ్మిన మనిషి అవుతాడు. గురజాడ సంభాషణలు రెంటికీ వీలిస్తాయి. నా ఓటు రెండోదానికి. అప్పుడు హాల్లో నవ్వు కొంచెం ఆలస్యంగా వస్తుంది.